ఎర్రనూనెలో క్యాన్సర్‌కు మందు లేదు

అశ్వారావుపేట ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలో పామాయిల్ గెలలను ఆవిరికి ఉడికించి, పళ్లు రాల్చి, పిండినప్పుడు వచ్చే ముడి నూనె ముదురు నారింజ ఎరుపులో ఉంటుంది. వంటింటికి వచ్చే పామాయిల్‌కు ఆ ఎరుపు ఉండదు, శుద్ధి చేసేటప్పుడే పోతుంది. ఆ ఎరుపంతా కెరోటినాయిడ్లది. కిలో ముడి నూనెలో 500 నుంచి 700 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. అందులో సగానికి పైగా బీటా కెరోటిన్. దానితో పాటు టోకోట్రయినాల్స్ అనే విటమిన్ ఇ జాతి పదార్థాలూ ఉంటాయి. దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో ఎకరాలకెకరాలు తోటలు వేసిన రైతుకు తన పంట గొప్పదని వింటే సంతోషమే. అందుకే ఎర్ర పామాయిల్‌లో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయట, క్యాన్సర్ రాకుండా కాపాడుతుందట అని ఎవరైనా అంటే కాదనే మనిషి కనబడడు.

ఈ మాట పామాయిల్‌తో ఆగడం లేదు. పసుపు, ఉసిరి, తిప్పతీగ, మునగాకు, గోధుమగడ్డి, లక్ష్మణఫలం, అడవి నుంచి వచ్చే ప్రతి బెరడూ ప్రతి వేరూ ఇదే తర్కంతో క్యాన్సర్ మందుగా మారిపోతోంది. ఆ తర్కం వినడానికి చక్కగా ఉంటుంది. శరీరంలో ఫ్రీ రాడికల్స్ పుడతాయి, అవి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, డీఎన్‌ఏ దెబ్బతింటే క్యాన్సర్ రావచ్చు, యాంటీఆక్సిడెంట్లు ఫ్రీ రాడికల్స్‌ను అణచేస్తాయి, కాబట్టి యాంటీఆక్సిడెంట్లు తింటే క్యాన్సర్ రాదు, వచ్చినా తగ్గుతుంది. ఇందులో మొదటి నాలుగు మాటలూ నిజమే. అవి నిజం కాబట్టే ఐదోది ఇంత సులువుగా చెల్లుబాటవుతోంది. ఆ ఐదో మాట తప్పు. దాన్ని మనుషుల మీద పరీక్షించి చూశారు, తప్పని తేలింది. తేలి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇంకా దాన్ని చదువుకున్నవాళ్లే చెబుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ఆ కథ కొంచెం వివరంగా చెప్పాలి. ఫ్రీ రాడికల్స్ వల్లే ముసలితనం వస్తుందని డెన్హమ్ హార్మన్ 1956లో ప్రతిపాదించాడు. 1970ల్లో లైనస్ పాలింగ్, రెండు నోబెల్ బహుమతులు పొందినవాడు, విటమిన్ సి పెద్ద మోతాదుల్లో ఇస్తే క్యాన్సర్ రోగులు ఎక్కువ కాలం బతుకుతారని ప్రచారం చేశాడు. మేయో క్లినిక్ వైద్యులు రెండుసార్లు పరీక్ష పెట్టి, నోటి ద్వారా ఇచ్చిన విటమిన్ సి వల్ల ప్రయోజనం కనబడలేదని చెప్పారు. అయినా ఆశ చావలేదు. బీటా కెరోటిన్ విషయంలో ఆ ఆశకు గట్టి ఆధారమే ఉన్నట్టు కనిపించింది. కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని ఎన్నో లెక్కలు చెప్పాయి. 1981లో రిచర్డ్ పీటో, రిచర్డ్ డాల్ తదితరులు ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసానికి శీర్షికనే ప్రశ్నగా పెట్టారు: ఆహారంలోని బీటా కెరోటిన్ మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గించగలదా? నిజాయితీ గల శాస్త్రవేత్తలు అలాగే అడుగుతారు.

జవాబు ఫిన్లాండ్ నుంచి వచ్చింది. 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే మగవాళ్లను తీసుకున్నారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి 50 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో ఇచ్చేవాళ్లకూ తెలియదు, మింగేవాళ్లకూ తెలియదు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పాటు సాగింది. 1994లో ఫలితం ప్రకటించారు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. మొత్తం మరణాలు 8 శాతం పెరిగాయి. విటమిన్ ఇ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆపలేదు.

చాలామంది నమ్మలేదు. ఏదో పొరపాటు జరిగి ఉంటుందన్నారు. అప్పటికే అమెరికాలో కేరెట్ అనే మరో పరీక్ష నడుస్తోంది. పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్ పనివాళ్లు కలిపి 18,314 మంది. వాళ్లకు 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇస్తున్నారు. 1996 జనవరిలో, అనుకున్న గడువుకు 21 నెలల ముందే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. మాత్రలు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం ఎక్కువ, మరణాలు 17 శాతం ఎక్కువ. అదే ఏడాది 22,071 మంది అమెరికన్ వైద్యుల మీద పన్నెండేళ్లు సాగిన పరీక్ష ఫలితమూ వచ్చింది. వాళ్లలో పొగతాగేవాళ్లు తక్కువ. లాభమూ లేదు, నష్టమూ లేదు. తర్వాత విటమిన్ ఇ, సెలీనియం మీద 35,533 మంది మగవాళ్లతో సెలెక్ట్ పరీక్ష మొదలైంది. ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 2008లో ఆపేశారు. 2011కి లెక్కలు పూర్తిగా చూస్తే విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది.

లక్షకు పైగా మనుషులు ఏళ్ల తరబడి నమ్మకంగా మాత్రలు మింగి మనకు ఇచ్చిన సమాచారం ఇది. వాళ్లలో కొందరు ఆ మాత్రల వల్లే జబ్బుపడ్డారు. దీన్ని పక్కన పెట్టి మళ్లీ మొదటి తర్కం దగ్గరకే వెళ్లి యాంటీఆక్సిడెంట్ ఉంది కాబట్టి క్యాన్సర్ రాదని చెప్పడం, ఆ మనుషుల పట్ల నా దృష్టిలో అగౌరవం.

ఇక్కడ ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. ఆ మాత్రలు ఫ్యాక్టరీలో తయారైనవి, ప్రకృతిలో దొరికేది వేరు అంటారు. బీటా కెరోటిన్ అణువు క్యారెట్‌లో ఉన్నా, మన పామాయిల్ పండులో ఉన్నా, మాత్రలో ఉన్నా ఒకటే అణువు. పండులో దానికి తోడు ఆల్ఫా కెరోటిన్ వంటివి ఉంటాయి, నిజమే. కానీ ఆ మిశ్రమం మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గించిందని చూపిన పెద్ద పరీక్ష ఒక్కటీ లేదు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పే హక్కు సహజం అన్న మాట వల్ల రాదు. ఇంకో పక్క న్యాయంగా చెప్పాల్సింది కూడా ఉంది. క్యారెట్లు, బొప్పాయి, మునగాకు తినడం వల్ల క్యాన్సర్ వస్తుందని ఈ పరీక్షలు చెప్పలేదు. ఫిన్లాండ్ మాత్రలో ఉన్న 20 మిల్లీగ్రాములు రావాలంటే ముడి ఎర్రనూనె రోజుకు 60 గ్రాముల దాకా తాగాలి. కూరలో వేసే చెంచాకీ దానికీ చాలా తేడా ఉంది. విటమిన్ ఎ లోపం ఉన్న పిల్లలకు ఎర్ర పామాయిల్ పనికొస్తుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. రుక్మిణి వంటి శాస్త్రవేత్తలు పనిచేసి చూపారు. అది నిలబడ్డ సంగతి. చూపు కాపాడే ఆహారంగా మన పంటకు గౌరవం ఉంది. క్యాన్సర్ మందు అన్న బిరుదు దానికి అక్కర్లేదు.

మరి తర్కం ఎక్కడ తెగింది? ఫ్రీ రాడికల్స్‌ను అందరూ ఇనుముకు పట్టే తుప్పుతో పోలుస్తారు. ఆ పోలికే మనల్ని తప్పుదారి పట్టించింది. తుప్పు వల్ల ఇనుముకు ఏ ఉపయోగమూ లేదు. శరీరం మాత్రం ఆక్సీకరణను తానే పుట్టించి వాడుకుంటుంది. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి ఆక్సీకరణ చేసే రసాయనాలను వాడతాయి. కణంలో మైటోకాండ్రియా నుంచి వెలువడే హైడ్రోజన్ పెరాక్సైడ్ తక్కువ మోతాదులో కణం లోపల సంకేతంగా పనిచేస్తుంది, మోతాదు మించితే కణాన్ని చంపుతుంది. డీఎన్‌ఏ పాడైన కణాన్ని ఆపడానికీ, అవసరమైతే చంపడానికీ పీ53 అనే ప్రోటీన్ ఉంది. ఆ ప్రోటీన్‌ను మేల్కొలిపే వాటిలో ఆక్సీకరణ ఒత్తిడి కూడా ఒకటి.

ఇప్పుడు క్యాన్సర్ కణం వైపు నుంచి చూడండి. అది విపరీతంగా పెరుగుతుంది కాబట్టి దాని లోపల ఆక్సీకరణ ఒత్తిడి మామూలు కణంలో కంటే ఎక్కువ. బతకాలంటే దాన్ని తట్టుకోవాలి. అందుకే అది గ్లూటాథయోన్ వంటి సొంత యాంటీఆక్సిడెంట్లను పెద్ద ఎత్తున తయారుచేసుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో గణనీయమైన భాగానికి ఎన్ఆర్ఎఫ్2, కీప్1 అనే జన్యువుల్లో మార్పులు ఉంటాయి. ఆ మార్పుల ఫలితం యాంటీఆక్సిడెంట్ రక్షణ ఎప్పుడూ పనిచేస్తూ ఉండడం. బయటి నుంచి మనం ఇంకొన్ని యాంటీఆక్సిడెంట్లు పోస్తే అవి మంచి కణాన్ని వెతుక్కుంటూ వెళ్లవు. కణితికీ అందుతాయి.

ఇది ఊహ కాదు. 2014లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఊపిరితిత్తుల్లో చిన్న కణితులున్న ఎలుకలకు విటమిన్ ఇ, ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే రెండు యాంటీఆక్సిడెంట్లు ఇచ్చారు. కణితులు వేగంగా పెరిగాయి, ఎలుకలు త్వరగా చచ్చిపోయాయి. డీఎన్‌ఏకు జరిగే దెబ్బ నిజంగానే తగ్గింది. దెబ్బ తగ్గడంతో పీ53 మేల్కొనడం మానేసింది. 2015లో అదే బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో యాంటీఆక్సిడెంట్ వల్ల వ్యాధి లింఫ్ గ్రంథులకు పాకడం పెరిగిందని చూపింది. ఆ ఏడాదే అమెరికాలో షాన్ మారిసన్ బృందం, కణితిని విడిచి రక్తంలో ప్రయాణించే క్యాన్సర్ కణాలు ఆక్సీకరణ ఒత్తిడికే ఎక్కువగా చచ్చిపోతున్నాయని కనిపెట్టింది. వ్యాధి ఒళ్లంతా పాకకుండా ఆపుతున్న కాపలాల్లో మనం శత్రువు అనుకుంటున్న ఆక్సీకరణ ఒకటన్న మాట. డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకడైన జేమ్స్ వాట్సన్ అంతకు ముందే, 2013లో, యాంటీఆక్సిడెంట్లు ఆపిన క్యాన్సర్ల కంటే కలిగించినవే ఎక్కువ కావచ్చని రాశాడు.

రేడియేషన్ వైద్యం చాలావరకు పనిచేసేదీ ఈ ఆక్సీకరణతోనే. కిరణాలు కణంలోని నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టిస్తాయి, అవే కణితి డీఎన్‌ఏను తుంచుతాయి. కెనడాలోని క్విబెక్‌లో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిపై పరీక్ష జరిగింది. విటమిన్ ఇ, కొంతకాలం బీటా కెరోటిన్ కూడా ఇచ్చారు. రేడియేషన్ దుష్ఫలితాలు తగ్గాయి. కానీ తర్వాతి ఏళ్లలో మాత్రలు తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువయ్యాయి. మన దగ్గర నోటి క్యాన్సర్ ఎంత ఎక్కువో తెలిసినవాళ్లకు ఈ పరీక్ష ఎంత దగ్గరి సంగతో అర్థమవుతుంది. మా వైపు నుంచి హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆస్పత్రికి వెళ్లి, లాడ్జిలోనో బంధువుల ఇంట్లోనో ఉంటూ వారాల తరబడి రేడియేషన్ పెట్టించుకునే మనిషికి, ఇంటి నుంచి ప్రేమగా ఒక యాంటీఆక్సిడెంట్ పొడి డబ్బా కట్టి పంపుతారు. ఇది కూడా వాడు నాయనా, బలం వస్తుంది అని. వైద్యుడికి ఆ సంగతి తెలియదు. చెబితే కోప్పడతారని రోగి చెప్పడు.

ఇక మన కళాశాలల నుంచి వచ్చే పరిశోధన పత్రాల గురించి మాట్లాడాలి, ఎందుకంటే వాట్సాప్ సందేశాలకు పునాది అక్కడే పడుతోంది. ఒక ఆకును ఎండబెట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో దాన్ని కలుపుతారు. రంగు పసుపుకు మారితే యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్నట్టు. తర్వాత ప్లాస్టిక్ పళ్లెంలో పెంచిన ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఆ సారం పోస్తారు. కణాలు చచ్చిపోతే క్యాన్సర్ నిరోధక గుణం ఉన్నట్టు. పత్రం అచ్చవుతుంది. పత్రిక విలేకరి దాన్ని అడవి ఆకుతో క్యాన్సర్‌కు చెక్ అని రాస్తాడు. ఇలాంటి పరీక్షల అంకెలకూ మనిషి శరీరానికీ సంబంధం ఎంత తక్కువో అమెరికా వ్యవసాయ శాఖ కూడా ఒప్పుకుంది. ఏ ఆహారంలో ఎంత యాంటీఆక్సిడెంట్ శక్తి ఉందో చెప్పే ఓరాక్ అనే పెద్ద పట్టికను అది 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది, ఆ అంకెలకు ఆరోగ్యంతో సంబంధం రుజువు కాలేదు, కంపెనీలు వాటిని అమ్మకాలకు వాడుకుంటున్నాయి అని.

పళ్లెంలో కణాలు చావడం గురించి ఇంకో సంగతి ఉంది. గ్రీన్ టీలో ఉండే పాలిఫినాల్ వంటి పదార్థాలు కణాలను పెంచే ద్రవంలో కలిసినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. బారీ హాలీవెల్ వంటి శాస్త్రవేత్తలు దీన్ని ఎన్నోసార్లు ఎత్తిచూపారు. అంటే యాంటీఆక్సిడెంట్ అని పేరు పెట్టుకున్న పదార్థం పళ్లెంలో ఆక్సీకరణ చేసే విషంగా మారి కణాలను చంపింది. మనం దాన్ని యాంటీఆక్సిడెంట్ విజయంగా రాసుకున్నాం.

పసుపు లెక్క చూద్దాం. పసుపులో కర్క్యుమిన్ 3 శాతం దగ్గర ఉంటుంది. క్లోమ క్యాన్సర్ రోగులకు రోజూ 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చిన పరీక్ష ఒకటి అమెరికాలో జరిగింది. పసుపు రూపంలో అంత కర్క్యుమిన్ కావాలంటే రోజుకు పావుకిలో పైన తినాలి. అయినా రోగుల రక్తంలో దొరికింది మిల్లీలీటరుకు కొన్ని పదుల నానోగ్రాములు. పళ్లెంలో కణాలను చంపడానికి సాధారణంగా వాడే మోతాదు దానికి వంద రెట్లు, ఇంకా ఎక్కువ. పేగు దాటకముందే, కాలేయం దాటకముందే చాలావరకు అది మారిపోతుంది. ఆ పరీక్షలో ఇద్దరు ముగ్గురిలో కొంత మార్పు కనబడిన మాట నిజమే. దాని మీద ఆశతో పరిశోధన సాగడం మంచిదే. 2017లో మెడిసినల్ కెమిస్ట్రీ నిపుణులు కర్క్యుమిన్ మీద అప్పటిదాకా జరిగిన పనంతా తిరగేసి, 120కి పైగా క్లినికల్ పరీక్షల్లో ఒక్కటి కూడా కట్టుదిట్టంగా విజయం సాధించలేదని రాశారు. కూరలో పసుపు వేసుకుందాం. గాయానికి రాసుకుందాం. క్యాన్సర్‌కు మందు అని మాత్రం చెప్పొద్దు.

ఇలా రాస్తుంటే మొక్కల మీద, మన అడవుల మీద నాకు చిన్నచూపని అనుకునేవాళ్లు ఉంటారు. అందుకే ఒక తెలుగువాడి కథ చెబుతాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనా విభాగానికి అధిపతి. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను 1941లో పాలకూర ఆకుల నుంచి వేరుచేశారు. దాన్ని కృత్రిమంగా తయారుచేయడం సుబ్బారావు బృందం సాధించింది. రక్తహీనతకు అది అద్భుతమైన మందు. ఆకుకూరల నుంచి వచ్చిన, ప్రాణానికి అవసరమైన, పూర్తిగా సహజమైన పదార్థం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. బలం వస్తుందనుకుంటే, వ్యాధి ఇంకా వేగం పుంజుకుంది. ఫార్బర్ ఆ నిజాన్ని దాచలేదు. విటమిన్ ఇస్తే క్యాన్సర్ పెరుగుతోందంటే, ఆ విటమిన్‌ను అడ్డుకునే పదార్థం ఇస్తే తగ్గాలి కదా అని ఆలోచించాడు. అలా అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందమే తయారుచేసి పంపింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన పత్రంలో 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనక్కు తగ్గింది. పిల్లల రక్త క్యాన్సర్ మందుకు లొంగుతుందని ప్రపంచం మొదటిసారి చూసింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు అయిన మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ పిల్లల క్యాన్సర్ వార్డుల్లో ఉంది.

ఈ కథను మనం గర్వంగా చెప్పుకుంటాం, విగ్రహాలు పెడతాం. దానిలోని అసలు సంగతిని మాత్రం పట్టించుకోం. ఆరోగ్యవంతుడికి మేలు చేసే ఆకుకూర విటమిన్ క్యాన్సర్ కణానికి కూడా మేలు చేసింది. యాంటీఆక్సిడెంట్ల గురించి ఫిన్లాండ్ చెప్పింది ఇదే, నలభై ఆరేళ్ల తర్వాత.

మొక్కల నుంచి క్యాన్సర్ మందులు రాలేదా అంటే, వచ్చాయి. గొప్పవే వచ్చాయి. మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. మధుమేహానికి జనం వాడుతున్నారని విని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకును పరీక్షించారు. చక్కెర తగ్గలేదు. సారం ఎక్కించిన ఎలుకలు తెల్ల రక్తకణాలు పడిపోయి అంటువ్యాధులతో చచ్చిపోయాయి. తెల్లకణాలను ఇంతగా తగ్గించేది రక్త క్యాన్సర్‌కు పనికిరాదా అన్న ప్రశ్న నుంచి మందు పుట్టింది. గిరిజనులైనా పల్లె వైద్యులైనా ఒక మొక్కను చూపిస్తే శాస్త్రం ఆసక్తిగా వినాలి అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కానీ ఆ మందు యాంటీఆక్సిడెంట్‌గా పనిచేయదు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల ఏర్పడే దారాలను విడగొట్టి చంపుతుంది. కొన్ని వందల కిలోల ఎండుటాకు నుంచి ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ వస్తుంది. మోతాదు మిల్లీగ్రాముల్లో కొలుస్తారు. పొరపాటున నరంలోకి కాకుండా వెన్నులోకి ఎక్కిస్తే మనిషి చనిపోతాడు. యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్‌దీ ఇదే తీరు. చెట్లు తమను తినే పురుగులను, జంతువులను ఎదుర్కోవడానికి తయారుచేసుకున్న విషాలివి. వాటిని వేరుచేసి, కొలిచి, మనుషుల్లో పరీక్షించి, చంపకుండా బతికించే మోతాదు కనిపెట్టడంలోనే వైద్యమంతా ఉంది. బిళ్లగన్నేరు ఆకు కషాయం తాగి రక్త క్యాన్సర్ నయం చేసుకోమని ఏ వైద్యుడూ చెప్పడు.

మందుల కంపెనీలు మొక్కల మందులను తొక్కిపెడుతున్నాయన్న వాదనకు కూడా జవాబు ఇక్కడే ఉంది. విన్‌క్రిస్టిన్‌ను అమ్మింది కంపెనీలే. పాక్లిటాక్సెల్ మీద కోట్లు గడించింది కంపెనీలే. పనిచేసే మొక్కను ఏ కంపెనీ వదులుకోలేదు. కేరెట్, సెలెక్ట్ పరీక్షలకు డబ్బు పెట్టింది అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ.

లక్ష్మణఫలం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి. కీమోథెరపీ కంటే 10 వేల రెట్లు శక్తి అని దాని మీద తిరిగే మాట 1996లో వచ్చిన ఒక పత్రం నుంచి పుట్టింది. ఆ పండు గింజల నుంచి తీసిన ఒక రసాయనం పళ్లెంలో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద అడ్రియామైసిన్ అనే కీమో మందు కంటే అన్ని రెట్లు తక్కువ మోతాదులో పనిచేసింది. మనిషి మీద కాదు, ఎలుక మీద కూడా కాదు. ఆ జాతి రసాయనాలు మైటోకాండ్రియా పనిని ఆపేస్తాయి, అంటే ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతాయి. యాంటీఆక్సిడెంట్ అని అమ్ముతున్న పండులో ఉన్నది దానికి సరిగ్గా ఎదురుగా పనిచేసే విషం. కరీబియన్ ద్వీపమైన గ్వాడెలూప్‌లో ఈ పండూ ఆకు టీ ఎక్కువగా వాడేవాళ్లలో పార్కిన్సన్ వంటి జబ్బు అసాధారణంగా ఎక్కువగా ఉందని 1999లో ‘లాన్సెట్’లో రాశారు. అప్పుడప్పుడు పండు తిన్నవాళ్లు భయపడాల్సిన పని లేదు. క్యాన్సర్ తగ్గుతుందని రోజూ ఆకు కషాయం తాగుతున్నవాళ్ల గురించే నా బెంగ. తిప్పతీగ విషయంలోనూ కోవిడ్ రోజుల్లో ముంబై కాలేయ వైద్యులు దాన్ని వాడి కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి రాశారు.

అయితే ఆకు పొడులు చేసే పెద్ద హాని వాటి రసాయనంలో లేదు, అవి తినేసే సమయంలో ఉంది. యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2018లో ప్రకటించిన అధ్యయనంలో, వ్యాధి ఇంకా పాకని దశలో ఉన్నా ఆస్పత్రి వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యమే ఎంచుకున్న 281 మందిని చూశారు. వాళ్లు చనిపోయే అవకాశం ఆస్పత్రి వైద్యం తీసుకున్నవాళ్లకంటే రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లకు పైగా. రొమ్ములో చిన్న గడ్డ ఉన్నప్పుడు కోసి తీసేస్తే అయిపోయే జబ్బు ఆరునెలల పొడి తర్వాత ఎముకల్లోకి వెళుతుంది. అప్పుడు ఆస్పత్రికి వెళ్తే ఇంట్లోవాళ్లు, చూశావా, ఆస్పత్రికి వెళ్లాకే ప్రాణం పోయింది అంటారు. పొడి అమ్మినవాడి పేరు ఎవరూ ఎత్తరు. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టాన్ని మన ఊళ్లలో అమలు చేయించాల్సిన బాధ్యత డ్రగ్ ఇన్‌స్పెక్టర్లది. ఆ ప్రకటనలు గోడల మీద పట్టపగలే కనిపిస్తున్నాయి.

ఆక్సీకరణ ఒత్తిడితో నిజంగా పోరాడాలనుకుంటే ఈ అడవి అంచున చేయాల్సిన పని చాలా ఉంది, అది డబ్బాల్లో అమ్మే పని కాదు. సిగరెట్ పొగ ఒక్క దమ్ములో వెయ్యి లక్షల కోట్ల ఫ్రీ రాడికల్స్ ఉంటాయని లెక్కగట్టారు. బీడీ పొగలో తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువ. ఆ బీడీకి ఆకు పోయేది మన అడవుల నుంచే. ఏప్రిల్, మే నెలల ఎండలో కోయలు, కొండరెడ్లు తునికాకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లానికి తెస్తారు. తునికాకు సహజమే. పొగాకు సహజమే. వక్కా సహజమే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2004లో మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ వస్తోందని కోస్తా ఆంధ్ర గురించి మన వైద్యులు 1957లోనే రాశారు. అంతటి పొగ లోపలికి పంపుతూ పైన ఒక చెంచా ఉసిరి పొడి వేసుకుంటే లెక్క సరిపోదు. ఫిన్లాండ్ పరీక్షలో ఉన్నవాళ్లంతా పొగతాగేవాళ్లేనన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. వాళ్లకు కెరోటిన్ రక్షణ ఇవ్వకపోగా ప్రమాదం పెంచింది.

ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతివాళ్లకూ నోటి పరీక్ష, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు కూడా చేయాలని జాతీయ కార్యక్రమం ఉంది. మా మండలాల్లో దానికి జనం దొరకరని సిబ్బంది అంటారు. తునికాకు కల్లాల దగ్గర సీజన్‌లో జనం వాళ్లంతట వాళ్లే చేరతారు. ఆశా కార్యకర్త, ఒక నర్సు, ఒక టార్చిలైటు, నాలుక పక్కకు జరిపే చెక్కపుల్లలు అక్కడికి వెళ్లాలి. బుగ్గ లోపల తెల్లమచ్చ, మానని పుండు, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనబడితే ఆ రోజే పేరు రాసుకుని కొత్తగూడెం ఆస్పత్రికి ముక్క పరీక్షకు పంపాలి. వెళ్లడానికి బస్సు ఛార్జీ, పోయిన కూలి ప్రభుత్వం ఇవ్వాలి. వచ్చిన ప్రతి రోగినీ వైద్యుడు మొదట ఏ ఆకు, ఏ పొడి వాడుతున్నావని కోప్పడకుండా అడిగి చీటీలో రాయాలి. పామాయిల్ తోటల నుంచి వచ్చే ఆదాయంలో, తునికాకు బోనస్‌లో ఈ పనికి కొంత కేటాయించమని అడగడానికి మన పంచాయతీలకు ఏ చట్టమూ అడ్డు లేదు. వచ్చే గ్రామసభలోనే అడగాలి.